పిట్టలకు భయపడి జొన్న మానేసిన ఊళ్లో విత్తనాల జాతర

మా ఊరు తాండూరుకు పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. నేను ఊళ్లో మహిళా సంఘాలకు లెక్కలు రాసే వీఓఏని. మాకు మూడెకరాల నల్లరేగడి ఉంది. 2024 మే 26, ఆదివారం నాడు మా ఊళ్లో విత్తనాల జాతర పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల సంఘాల వాళ్లు ఎవరు కలిసినా ఆ ఒక్క రోజు గురించే అడుగుతారు. టెంటుకు ఎంతైంది, ఎంతమందికి వండారు, ఎవరెవరు వచ్చారు అని. కానీ కష్టమంతా అంతకు ముందు నాలుగు నెలలు, ఆ తర్వాత తొమ్మిది నెలలు. అందుకే మొదటి నుంచి చెప్తాను.

మాది కందికి పేరున్న నేల. తాండూరు కందికి 2022 డిసెంబరులో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మా చేనులో మాత్రం అప్పటికి మూడేళ్లుగా కంది పూతకొచ్చే టైముకు నిలబడ్డ చెట్టు నిలబడ్డట్టే ఎండిపోతోంది. ఎండు తెగులు. ఆ తెగులు పైన కొట్టే మందుతో పోయేది కాదు, నేలలో ఉండే శిలీంధ్రం వల్ల వస్తుంది, ఏటేటా అదే చేనులో కందే వేస్తూ పోతే అది పెరుగుతూనే ఉంటుంది. చేను చూడటానికి వచ్చిన వ్యవసాయ అధికారి ఒక చెట్టు పీకి, కాండం చీల్చి లోపల నల్లటి చార చూపించి, పంట మార్చండి, జొన్న వేయండి, లేకపోతే కందిలో జొన్న కలిపి వేయండి, తెగులు తగ్గుతుంది అన్నారు. మా అత్తమ్మ పక్కనే నిలబడి ఉంది. "గదే కదా సారూ మేం ముందు జేసేది" అంది.

మరి ఎందుకు మానేశారు అని ఆ రాత్రి అడిగాను. "పిట్టలు బిడ్డా" అంది. నాకు మొదట అర్థం కాలేదు. పిట్టలు అప్పుడూ ఉన్నాయి కదా. తర్వాత విడమరిచి చెప్పింది. ఊరంతా జొన్న వేసినప్పుడు పిట్టలు ఊరంతా పంచుకుని తినేవి, తలా కొంచెం పోయేది, ఇంటికొకరు మంచె మీద కూర్చుని వడిసెలతో రాళ్లు విసిరేవాళ్లు. పత్తి వచ్చాక ఒక్కొక్కరే జొన్న మానేస్తూ వచ్చారు. చివరికి ముగ్గురు నలుగురు మిగిలితే ఊళ్లో ఉన్న పిట్టలన్నీ ఆ నాలుగు చేల మీదే పడ్డాయి. మా మామ వేసిన ఆఖరి జొన్న పంటలో కంకికి పది గింజలు కూడా మిగల్లేదట. అంటే జొన్న ఒక్కరు మానేయొచ్చు, ఒక్కరు మళ్లీ మొదలుపెట్టలేరు.

నేల కథ కూడా అంతే. మా చేలు వాగు వైపు వాలుగా ఉంటాయి. ట్రాక్టర్లు వచ్చాక తిప్పుకోవడానికి అడ్డమని నడిమి గట్లన్నీ తీసేశారు, దున్నడం కూడా వాలు వెంటే. గట్టి వాన పడితే నీళ్లు సాలు వెంబడి ఉరుకుతూ చేనును చారలు చారలుగా కోసుకుంటూ పోతాయి. పై మట్టి వాగులోకి, వాగు నుంచి కాగ్నా నదిలోకి. నేను పెళ్లయి వచ్చిన ఏడు మా చేను పై కొసన కనబడని నాపరాయి ఇప్పుడు బయటికి తేలింది. గట్టు వేద్దామంటే, పై చేను వాళ్లు వేయకుండా నేనొక్కదాన్ని వేస్తే ఆ నీళ్లన్నీ కలిసి వచ్చి నా గట్టును తెంపుతాయి. పిట్టకైనా, నీటికైనా పక్క చేను వాళ్ల ఒప్పుకోలు కావాలి. జాతర ఆలోచన వచ్చింది ఇక్కడి నుంచే.

జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఏటా సంక్రాంతికి మొదలుపెట్టి దాదాపు నెలరోజులు పాత పంటల జాతర చేస్తారని విన్నాను. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న సంస్థ అది, సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళా రైతులే. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మాచనూరులో వాళ్లకు సొంత రేడియో కూడా ఉంది, సంఘం రేడియో, 2008 అక్టోబరు 15న మొదలైంది, నడిపేది ఆ ఊళ్ల ఆడవాళ్లే. సంస్థను నడిపించిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో చనిపోయారు. జాతర ఆగలేదు. సంక్రాంతి పోయిన వారానికి నేనూ, మా సంఘం అధ్యక్షురాలు లక్ష్మక్కా బస్సెక్కి వెళ్లాం.

అక్కడ చూసింది నేను జన్మలో మరిచిపోను. ఎడ్లబండ్లకు జొన్న కంకులు, సజ్జ కంకులు, తోరణాలు కట్టి, బండి నిండా బుట్టల్లో విత్తనాలు పేర్చి, డప్పులతో ఊళ్లోకి వస్తుంటే ఊరివాళ్లు ఎదురొచ్చి కడవలతో నీళ్లు పోసి, బొట్టు పెట్టి పిలుచుకుపోతున్నారు. రోజుకో ఊరు. స్టేజీ మీద మాట్లాడేవాళ్లు తక్కువ, బుట్టల దగ్గర వంగి గింజను అరచేతిలో వేసుకుని చూసేవాళ్లు ఎక్కువ. ఒక్కొక్క ముసలమ్మ తన చేనులో ఏ సాలు పక్కన ఏ సాలు వేస్తుందో వేళ్ల మీద చెప్తుంటే నేను నోట్‌బుక్కులో రాసుకోలేకపోయాను. మేం కూడా ఇలా చేద్దామనుకుంటున్నాం, కొన్ని విత్తనాలు ఇస్తారా అని ఒక పెద్దమ్మను అడిగాను. ఇస్తా, కానీ ముందు మీ ఊళ్ల ఏమున్నయో ఎతుకు, మా గింజ మీ నేలకు కొత్త, మీ గింజ మీ నేలకు ఎరుక అంది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు లక్ష్మక్క దారంతా ఆ మాటే తలుచుకుంది.

సరే, వెతకడం మొదలుపెట్టాం. ఫిబ్రవరి, మార్చి రెండు నెలలు, సంఘం మీటింగులకు పోయిన ప్రతి ఇంట్లో అడిగాం. మొదట అందరూ లేవనే అన్నారు. ఆడవాళ్లను విడిగా, వంటింట్లో కూర్చుని అడిగితే అప్పుడు బయటికొచ్చాయి. అటక మీద నుంచి, గుమ్మి అడుగు నుంచి, పాత చీర మూటల్లోంచి. తెల్ల జొన్న, కొర్రలు, సజ్జలు, ఉలవలు, బొబ్బెర్లు, అవిసెలు, కుసుమలు, ఎర్ర నువ్వులు, నల్ల కందులు... మొత్తం పదమూడు రకాలు. ఎక్కువ భాగం పండుగ పిండివంటల కోసమో, ఇంట్లో తినడానికో ఏదో ఒక మూల రెండు సాళ్లు వేసుకుని దాచుకున్నవే. చేనులో మగవాళ్లు పత్తి వేస్తుంటే గట్టు పక్కన ఈ రెండు సాళ్లు ఆడవాళ్లు నిలుపుకున్నారు.

పచ్చ జొన్న మాత్రం ఒక్క ఇంట్లోనే ఉంది. ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక అవ్వ, డెబ్బై దాటిన మనిషి. ఈత బుట్టకు పేడ అలికి, బూడిద కలిపి, వేపాకు వేసి, పైన మళ్లీ పేడతో మూసి పెట్టింది. పురుగు లేదు. డబ్బులిస్తాం అవ్వా అంటే కోపమొచ్చింది. "గింజ అమ్మను. ఇస్తా. మళ్ల తెస్తవా?" అని అడిగింది. తెస్తాను అన్నాను. "నువ్వు తెస్తవ్. తీస్కపోయినోడు తెస్తడా?" నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి సంఘం రిజిస్టరు తెరిచి కొత్త పేజీలో గీతలు గీశాను. పేరు, రకం, ఎన్ని మానికలు, ఏ సర్వే నంబరు చేను, ఎప్పుడు తిరిగి ఇచ్చారు. మానిక తీసుకుంటే మానికన్నర తిరిగివ్వాలి. అప్పుల లెక్క ఎలా రాస్తామో ఇదీ అలాగే. తర్వాతి రోజు ఆ పేజీ తీసుకెళ్లి అవ్వకు చూపించి చదివి వినిపించాను. అప్పుడు బుట్ట మూత తీసింది.

ఇది చేయాలనుకునేవాళ్లు ఒక పని తప్పకుండా చేయండి. దొరికిన ప్రతి రకం నుంచి వంద గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనె గుడ్డలో చుట్టి, నీడలో పెట్టి, రోజూ నీళ్లు చల్లుతూ ఉండాలి. వారంలోపు ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టాలి. మా పదమూడిట్లో మూడు రకాలు వందకు ఇరవై కూడా మొలవలేదు. చూస్తే గింజ బాగానే ఉంది, లోపల జీవం పోయింది. చూడకుండా ఇచ్చి ఉంటే ఆ ఏడు ఎవరి చేనైనా ఖాళీగా ఉండిపోయేది, ఇక మమ్మల్ని ఎవరూ నమ్మేవాళ్లు కాదు. విత్తనం సరిపోలేదు కూడా. కొడంగల్ వైపు రెండు ఊళ్లలో తెలిసినవాళ్ల దగ్గర కొంత జొన్న తెచ్చాం, అది కూడా మొలక చూశాకే.

ఇక ఊరిని ఒప్పించడం. ఉగాదికి పెడదామనుకున్నాం. లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది, మైకు అనుమతి కోసం తిరగడం కన్నా మే 13న పోలింగ్ అయ్యాక, మృగశిర కార్తెకు ముందు పెట్టుకుందామని లక్ష్మక్క అంది. ఆ వాయిదా మాకు మంచే చేసింది. ఆ నెలన్నరలో ఇంటింటికీ తిరిగి మగవాళ్లతో మాట్లాడగలిగాం. నేను భూసారం గురించి, తెగులు గురించి చెప్తే వింటున్నట్టే తలూపేవాళ్లు. పిట్టల లెక్క చెప్పినప్పుడు మాత్రం మాట మారింది. వాగు వైపు పక్కపక్కన ఉన్న చేలన్నీ ఒకేసారి జొన్న సాళ్లు వేస్తే, కాపలా వంతులు వేసుకుంటే, అప్పుడు పిట్ట తినేది తలా కొంచెమే కదా అని మా అత్తమ్మ రచ్చబండ దగ్గర అడిగింది. "గట్లయితె సూద్దం" అని మొదట అన్నది మా పాలివాడే, మాకూ ఆయనకూ గెట్టు పంచాయితీ ఉండి నాలుగేళ్లుగా మాటల్లేవు.

ఒక చేను మధ్యలో అడ్డం వచ్చింది. దాని యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు, కౌలుకు చేసే అతనికి ఒక్క ఏడాదికే కౌలు. వచ్చే ఏడు నాది కాని నేలకు నేనెందుకు గట్టు పోయాలి అక్కా అన్నాడు. అతని మాటలో తప్పేం లేదు. ఊళ్లల్లో నేలను కాపాడాలని మాట్లాడేవాళ్లందరూ ఈ కౌలు సంగతి ముందు మాట్లాడాలి. దున్నేవాడికి వచ్చే ఏటి భరోసా లేకుండా గట్టు ఎవరు పోస్తారు? చివరికి అతను అంచు చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేయడానికి ఒప్పుకున్నాడు, గట్టు సంగతి తర్వాత అన్నాడు. అదే చాలనుకున్నాం.

జాతర రోజు సంగతి. టెంటు, మైకు, వంట సామాను అన్నీ కలిపి పద్దెనిమిది వేల పైన అయింది, సంఘం సభ్యులు తలా యాభై వేసుకున్నారు, మిగతాది ఊళ్లో చందా. పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం, ఎండ ముదరకముందే చేల దగ్గరికి పోవాలని. రెండే ఎడ్లబండ్లు మిగిలాయి ఊళ్లో. రెండింటికీ మామిడాకులు కట్టి, బుట్టలు పేర్చి, డప్పులతో బయల్దేరాం. అవ్వ పచ్చ జొన్న బుట్టను బండి మీద పెట్టనివ్వలేదు, తనే నెత్తిన పెట్టుకుని నడిచింది.

ఉపన్యాసాలు వద్దని ముందే అనుకున్నాం. వచ్చిన అధికారిని కూడా చేనులోనే మాట్లాడమన్నాం, ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. గట్టు ఏ గీత మీద పోయాలో చూడటానికి రెండు పొడవు కర్రలు పైన కలిపి కట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, నడిమికి అడ్డకర్ర కట్టి, పై కొస నుంచి తాడుకు రాయి వేలాడదీశారు. తాడు అడ్డకర్ర మధ్య గీత మీదికి వస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా ఒక్కో అడుగు జరుపుకుంటూ పోతే నేలలో ఒకే మట్టం ఎటు పోతోందో ముగ్గు గీసినట్టు తెలుస్తుంది. పిల్లలు వెనకాల సున్నం పోసుకుంటూ వచ్చారు. ఆ గీత ఎవరి హద్దునూ లెక్కచేయకుండా మా చేనులోంచి పాలివాళ్ల చేనులోకి, అక్కడి నుంచి ఆ పైకి పోయింది. నాలుగేళ్లు గెట్టు కోసం కొట్లాడిన ఆయన ఆ సున్నం గీత దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏమీ అనలేదు. కానీ తన వైపు మూడు చోట్ల గుర్తు కర్రలు తనే పాతాడు.

భోజనాల దగ్గర ఇబ్బంది వచ్చింది. జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు బాగా కుదిరాయి, కొర్రన్నం కుదరలేదు. కొర్రలను పట్టించడానికి ఒక మిల్లుకు పంపితే అది వరికి పెట్టిన మర, సగం గింజ నూకైపోయి సగం పొట్టుతోనే వచ్చింది. రాత్రంతా ఆడవాళ్లు చాటలతో చెరిగారు. పాత పంటలు తినండి అని చెప్పేవాళ్లు ఈ పొట్టు తీసే పని ఎవరు చేస్తారో కూడా చెప్పాలి. మా అత్తమ్మ వయసులో ఇంటింటా రోకలి ఉండేది, తెల్లారకముందే దంపేవాళ్లు, ఆ చాకిరీ మళ్లీ రావాలని నేను కోరుకోను. మర కావాలి. అది ఊళ్లో లేకపోతే కొర్ర చేనులో పండినా ఇంట్లో ఉడకదు.

సాయంత్రం నాలుగు దాటాక గాలిదుమారం లేచి టెంటు ఒక పక్క పడిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బుట్టలన్నీ బడి వరండాలోకి ఎత్తుకుపోయి, అక్కడే రిజిస్టరు తెరిచాం. బయట గాలి, లోపల కిందకూర్చుని ఒక్కొక్కరే పేరు చెప్పి వేలిముద్రో సంతకమో పెట్టి మానికతో కొలిపించుకున్నారు. పద్నాలుగు కుటుంబాలు, ఇరవై ఆరు ఎకరాలు. కంది ఆరు సాళ్లు వేసే చోట నడుమ జొన్న రెండు సాళ్లు, అక్కడక్కడ అనుములు, బొబ్బెర్లు, అంచుకు కుసుమలు వేసుకోవాలని మాట. కొర్ర విడిగా ముగ్గురే వేస్తామన్నారు.

గట్ల పని ఉపాధి హామీలో పెట్టమని గ్రామసభలో ముందే రాసిచ్చాం. మంజూరు వచ్చేసరికి వాన పడింది. అందుకని సగం గట్లు శ్రమదానంతోనే పోశాం, పొద్దున రెండు గంటలు, పన్నెండు రోజులు. మేం చేసిన తప్పు ఒకటుంది. సున్నం గీత మట్టంగా ఉందని దాని మీదే పోసుకుంటూ పోయి, నీళ్లు బయటికి పోయే దారి వదల్లేదు. నల్లరేగడి ఎండకు పగుళ్లిస్తుంది, గట్టు కూడా పగులుతుంది, ఆ పగుళ్లలోకి నీరు దిగితే గట్టు తెగుతుంది. తెగకపోతే నీళ్లు నిలిచి కంది కుళ్లుతుంది. జూలైలో ఒక వానకే రెండు చోట్ల తెగింది. ఆ అధికారికి ఫోన్ చేస్తే, రేగడిలో గట్టుకు ఒక పక్కకు కొంచెం వాలు ఇవ్వాలి, చివర నీళ్లు పొర్లిపోవడానికి రాళ్ల మత్తడి కట్టాలి అని చెప్పారు. రాళ్లకు మాకేం కొదవ, తాండూరు చుట్టూ నాపరాళ్ల గనులే. పనికిరావని పారబోసిన ముక్కలు నాలుగు ట్రాక్టర్లు తెచ్చి ఐదు మత్తళ్లు కట్టాం.

ఆ ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో పడ్డ వానలు తెలంగాణలో అందరికీ గుర్తుండే ఉంటాయి. ఆ రెండు రాత్రులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, టెన్షన్‌తో తెల్లారేదాకా వాన చప్పుడు వింటూ కూర్చున్నాం. మర్నాడు మోకాళ్ల లోతు బురదలో పోయి చూస్తే ఐదు మత్తళ్లలో నాలుగు నిలబడ్డాయి. మత్తడి వెనక, చేను వైపు, జానెడు మందాన మెత్తటి మట్టి పేరుకుని ఉంది. ఏటా వాగులోకి పోయే మట్టి అది. మా ఆయన దాన్ని చేత్తో తీసి పిడికిట్లో పిండి చూసి, మళ్లీ అక్కడే వేశాడు. కొర్ర మాత్రం కోతకొచ్చి ఉంది, ఇద్దరి చేలల్లో పడిపోయి, గింజ మీదే మొలకొచ్చింది.

జొన్న పాలు పట్టే టైముకు పిట్టలు వచ్చాయి. రాకుండా ఎందుకుంటాయి. మూడు మంచెలు వేసుకున్నాం, పొద్దున, సాయంత్రం వంతులు. మా అత్తమ్మ ముప్పై ఏళ్ల తర్వాత వడిసెల పట్టింది. ఇరవై ఆరు ఎకరాల్లో పిట్ట ఎంత తిన్నదో లెక్క నేను చెప్పలేను, కానీ మా చేనులో మూడెకరాలకు నాలుగు బస్తాల పైన జొన్న ఇంటికి వచ్చింది. సొప్ప బర్రెకు సరిపోయింది. కంది ఎండు తెగులు పూర్తిగా పోలేదు, ఒక్క ఏటికి పోదని ముందే చెప్పారు. ముందేటి కన్నా ఎండిన చెట్లు తక్కువ.

2025 ఫిబ్రవరిలో మళ్లీ బడి వరండాలోనే కూర్చున్నాం. ఈసారి టెంటు లేదు, రిజిస్టరు, మానిక, చాప. పద్నాలుగు మందిలో పదకొండు మంది విత్తనం తెచ్చారు. కొర్ర పోయిన ఇద్దరికీ వచ్చే ఏటికి రాశాం. మిగిలిన ఒకతను పంటంతా అమ్మేసుకున్నాడు, రానే లేదు. అవ్వ పచ్చ జొన్న తీసుకున్నది ఆరుగురు, ఆరుగురూ తెచ్చారు. ఒక్కొక్కరి గింజనూ నోట్లో వేసుకుని కొరికి చూసి, ఎండలేదని ఒకరిని వెనక్కి పంపింది. అతను మళ్లీ నాలుగు రోజులు ఎండబోసి తెచ్చాడు. రాని అతని పేరు కొట్టేయమంటావా అవ్వా అని అడిగితే, "కొట్టెయ్యకు, మల్లేడుకు రాయి" అంది. కిందటేడు ఒక బుట్టతో వచ్చిన మనిషి ఈసారి రెండు బుట్టలు నిండాక ఒకటి నా ముందుకు జరిపి, "ఇది మీ ఇంట్ల వెట్టు. నా ఒక్కదాని ఇంట్లనే ఎందుకు?" అంది. దాన్ని నా చేతులతోనే పేడ అలికి మూశాను.

ఈ ఏటికి ఇరవై ఒక్క పేర్లు రాసి ఉన్నాయి, కౌలు రైతు పేరు కూడా, అతనికి యజమాని మూడేళ్లకు రాసిచ్చాడు. తెగిన మత్తడి కట్టాలి. మర కోసం గ్రామ సంఘం నుంచి లోను పెట్టాం, ఇంకా రాలేదు.